పాప్ సంగీతము: లక్షణ విచారము, చారిత్రక మూలములు

లోకమున మిక్కిలి వాడుకలోనున్న పదములకే నిర్వచనము చెప్పుట కష్టమగుచుండును. "పాప్ సంగీతము" అట్టి పదములలో నొకటి. పత్రికలలోను, కళాశాలల వేదికలపైనను, ఇండ్లలోను ఈ మాట నిత్యము వినవచ్చుచున్నది. వాడువారికి దాని అర్థమును గూర్చి సందేహమున్నట్లు తోచదు. కాని అర్థమేమని యడిగినచో వచ్చు సమాధానములు పరస్పరము పొసగవు. పలువురు మెచ్చినది పాప్ అని యొకరందురు. గిటారును డ్రమ్ములును ఉన్నది పాప్ అని మరియొకరందురు. శాస్త్రీయము కానిదెల్ల పాప్ అని వేరొకరందురు.

ఈ విచారము సంగీత శాస్త్రజ్ఞులకే చెందినదని తెలుగు శాఖలవారు ఊరకుండుటకు వీలులేదు. జానపద గేయములపైనను, లలిత గీతములపైనను, సినిమా పాటలపైనను మన విశ్వవిద్యాలయములలో పరిశోధనలు జరుగుచున్నవి. ఈ మూడింటికిని పాప్ సంగీతముతో సరిహద్దులు కలవు. సరిహద్దు తెలియనిచో సేకరణ చెడును. సేకరణ చెడినచో సిద్ధాంతము చెడును. అంతమాత్రమే కాదు, ఒక పాటను ఏ కోవలో చేర్చితిమను దానిపై ఆ పాటకు కర్త యున్నాడా లేడా యను నిర్ణయము ఆధారపడి యుండును. అట్టి పొరపాటు వలన ఒక కర్త కుటుంబము ఎట్టి నష్టము పొందినదో ఈ వ్యాసము చివర నిరూపింపగలము.

నామ విచారము

"పాప్" అనునది "పాప్యులర్" అను ఆంగ్ల పదమునకు సంక్షిప్త రూపము. దీని మూలము లాటినులోని "పాపులుస్" అను శబ్దము. జనము, ప్రజ అని దాని అర్థము. వ్యుత్పత్తిని బట్టి చూచినచో పాప్ సంగీతమనగా జన సంగీతమే. అట్లయినచో జానపద సంగీతమునకును దీనికిని భేదముండరాదు. కాని శబ్దార్థ నిర్ణయమున యోగమొక్కటే ప్రమాణము కాదు. బురదలో పుట్టినదెల్ల పంకజము కాదు గదా! రూఢి యోగమును సంకోచింపజేయును.

"పాప్ పాట" అను ప్రయోగము 1926 నాటికే ఆంగ్లమున కలదు. నాడు దానికి ఎక్కువమందిని ఆకర్షించు పాట అని మాత్రమే అర్థము. 1950వ దశకము నడుమ, రాక్ అండ్ రోల్ అను కొత్త ఫణితి అమెరికానుండి బ్రిటనుకు వచ్చిన తరువాత, ఆ ఫణితిని దాని ప్రభావమున పుట్టిన యువజన సంగీతమును కలిపి పాప్ అని పిలుచుట మొదలయ్యెను. తరువాతి దశకములో రాక్ తానొక ప్రత్యేక శాఖనని వేరుపడెను. కనుక ఒకే మాట విశాలార్థమునను, సంకుచితార్థమునను నేటికిని వ్యవహరింపబడుచున్నది. ఈ వ్యాసమున మేము విశాలార్థమునే గ్రహించితిమి.

ప్రచారములోనున్న నిర్వచనములు

లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూడు దోషములుండరాదని మన తార్కికుల నియమము. ప్రచారములోనున్న నిర్వచనములను ఈ నియమముతో పరీక్షింతము.

మొదటిది, జనాదరణ పొందినది పాప్ అనునది. దీనికి రెండు దోషములును కలవు. త్యాగరాజ కృతులను, రామదాసు కీర్తనలను తెలుగునాట పాడని ఊరు అరుదు. అయినను అవి పాప్ కావు. ఇది అతివ్యాప్తి. విడుదలయిన పాప్ పాటలలో అధిక భాగము ఎవరి చెవిని పడకయే మరుగునపడును. అయినను అవి పాప్ పాటలే. ఇది అవ్యాప్తి.

రెండవది, సరళమైనది పాప్ అనునది. భజనలును, లాలిపాటలును అంతకంటె సరళములు. మరియు 1960వ దశకము ఉత్తరార్ధమున బీటిల్స్ బృందము వెలువరించిన పాటలలో కొన్నింటి నిర్మాణము ఎంతమాత్రము సరళము కాదు.

మూడవది, అమ్మకమునకు చేసినది పాప్ అనునది. ఇందు కొంత సత్యము కలదు. కాని ఇటలీ నగరములలో 17వ శతాబ్దినాడే టిక్కెట్లు అమ్మి గేయనాటకములు ప్రదర్శించిరి. సురభి నాటక సమాజములవారును టిక్కెట్లు అమ్మిరి. విక్రయమొక్కటియే భేదకము కాజాలదు.

నాలుగవది తత్త్వవేత్త థియొడోర్ అడోర్నో 1941లో ప్రతిపాదించినది. అన్ని పాటలును ఒకే మూసలో పోయబడినవై, పైపైన మాత్రము వేరువేరుగా కనబడుట ఈ సంగీతము స్వభావమని ఆయన వాదము. మూస కలదనుట నిజమే. కాని మూస జానపద గేయమునను కలదు, మన పదకవితయందును కలదు. మూస ఉండుటకంటె ఆ మూస ఎందువలన ఏర్పడినదనునది ముఖ్య ప్రశ్న.

సిద్ధాంతము

పాట ఎవరికి నచ్చినదని గాక, పాట ఎక్కడ నివసించునని యడిగినచో ఈ చిక్కు విడిపోవునని మా అభిప్రాయము. ప్రతి సంగీత సంప్రదాయమునకును ఒక ఆశ్రయము కలదు. జానపద గేయమునకు జనుల ధారణ ఆశ్రయము. మన శాస్త్రీయ కృతికి గురుశిష్య పరంపర ఆశ్రయము. పాశ్చాత్య శాస్త్రీయ రచనకు స్వరలిపిలో వ్రాసిన ప్రతి ఆశ్రయము. పాప్ సంగీతమునకు ముద్రిత ధ్వని, అనగా రికార్డు, ఆశ్రయము. "ముద్రిత ధ్వనియే మూలప్రతిగా గలిగి, అపరిచితులైన అసంఖ్యాక శ్రోతలకు అమ్మబడుటకై రచింపబడిన పాట పాప్ పాట" అని మేము నిర్వచింతుము.

ఇచట నొక ఆక్షేపణ రావచ్చును. శాస్త్రీయ గానమును కూడ రికార్డు చేయుచున్నారు గదా యని. చేయుచున్నారు, కాని అచట రికార్డు ఒకనాటి గానమునకు సాక్ష్యము మాత్రమే. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన వేంకటేశ సుప్రభాతము 1963లో రికార్డుగా వెలువడి తెలుగువారి ఇండ్లలో నిలిచిపోయినది. అయినను ఆ స్తోత్రము ఆ రికార్డులో పుట్టలేదు. అంతకు కొన్ని శతాబ్దుల మునుపే ఆలయమున పఠింపబడుచుండెను. ఆ రికార్డు లేకున్నను సుప్రభాతము ఉండును. పాప్ పాటకు అట్టి పూర్వజన్మ లేదు.

పాఠభేదములను చూచినను ఈ భేదము తేటపడును. జానపద గేయమునకు పది పాఠములున్నచో పదియు సమాన ప్రమాణములే. శాస్త్రీయ కృతియందు మనోధర్మమునకు చోటు కలదు; పరంపర దానికి హద్దు గీయును. పాప్ పాటయందు మొదటి రికార్డు మూలము. తక్కినవారు పాడినవి "కవర్" అను పేరున దాని అనుకరణలుగనే పరిగణింపబడును. పాటకుడు స్వయముగా వేదికపై పాడినను శ్రోతలు రికార్డుతో సరిపోల్చియే మెచ్చుటయో నిరసించుటయో చేయుదురు.

చారిత్రక మూలములు

ఈ ఆశ్రయము ఒక్కనాట ఏర్పడలేదు. మొదటి మెట్టు కాగితము. 19వ శతాబ్దిలో అమెరికాలో మధ్యతరగతి ఇండ్లలో పియానో వాద్యము వ్యాపించుటతో పాటల స్వరలిపి ప్రతులకు గొప్ప గిరాకి ఏర్పడెను. స్టీఫెన్ ఫాస్టర్ 1848లో ప్రకటించిన "ఓ సుసన్నా" దేశమంతట వ్యాపించెను. ప్రకాశకులు ధనము గడించిరి. ఫాస్టర్ 1864లో న్యూయార్కున దారిద్ర్యముతో మరణించెను. 1890వ దశకమునుండి న్యూయార్కులోని వెస్ట్ 28వ వీధిలో పాటల ప్రకాశకులు గుమికూడిరి. ఎడతెగని పియానోల మ్రోత రేకు పెనములను కొట్టినట్లుండెనని ఆ వీధికి "టిన్ పాన్ అలీ" అను పేరు వచ్చెను. చార్లెస్ హారిస్ 1892లో వెలువరించిన "ఆఫ్టర్ ది బాల్" పలు లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. పాటను ముందుగా అంచనా వేసి, వ్రాయించి, ప్రచారము చేసి అమ్ము పద్ధతి ఇచట స్థిరపడినది. కాని పాట ఇంకను కాగితముననే యున్నది. కొన్నవారు తామే పాడుకొనవలెను.

రెండవ మెట్టు పళ్ళెము. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనుగొనెను. ఎమిల్ బెర్లినర్ 1887లో చదునైన పళ్ళెముతో నడచు గ్రామఫోనుకు హక్కు పొందెను. నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగు 10 అంగుళముల పళ్ళెమున ఒక ప్రక్క మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. పాప్ పాట నిడివి కవి సంకల్పము వలన గాక ఈ పళ్ళెపు వైశాల్యము వలన నిర్ణయింపబడినది. ఈ నిర్బంధము మన దేశమునను కానవచ్చును. 1902లో ఫ్రెడ్ గైస్బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానమును ముద్రించినపుడు, గంటసేపు విస్తరించు రాగము సుమారు మూడు నిమిషములకు కుదింపబడెను. చివర ఆమె తన పేరును ఆంగ్లమున ప్రకటించెను.

మూడవ మెట్టు మైక్రోఫోను, రేడియో. 1920 నవంబరు 2న అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరమునుండి కెడికెఎ కేంద్రము ప్రసారములు ఆరంభించెను. 1925లో విద్యుత్తు సహాయమున ముద్రించు పద్ధతి వచ్చెను. అంతకు పూర్వము గాయకుడు బూరగొట్టములోనికి గట్టిగా పాడవలసి యుండెను. మైక్రోఫోను వచ్చినపిదప మెల్లగా, చెవిలో చెప్పినట్లు పాడుట సాధ్యమయ్యెను. బింగ్ క్రాస్బీ వంటివారి గానము ఈ యంత్రమునకు ఋణపడినది. వేలమంది వినుచున్నను, తనకొక్కనికే పాడుచున్నాడని ప్రతి శ్రోతయు భావించు ఆత్మీయత అప్పుడు పుట్టినది.

నాలుగవ మెట్టు అయస్కాంత టేపు. 1951లో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతులు "హౌ హై ది మూన్" అను పాటను ముద్రించుచు, ఒకే గిటారును ఒకే కంఠమును పలుమారులు ఒకదానిపై నొకటి పేర్చిరి. ఆ పాటను అదే రూపమున ఇద్దరు మనుష్యులు ఎదుట నిలిచి పాడుట అసాధ్యము. 1966 ఆగస్టులో బీటిల్స్ బృందము శాన్‌ఫ్రాన్సిస్కో కచేరితో పర్యటనలు మాని, స్టూడియోనే తమ ప్రధాన వాద్యముగా చేసికొనెను. 1967లో వెలువడిన "సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్" అందుకు ఫలము. ఇచట రికార్డు గానమునకు ప్రతిబింబము కాదు, రికార్డే రచన. కాగితముతో ఆరంభమైన ఆశ్రయ పరిణామము ఇచట పూర్తియైనది.

ఈ మధ్యకాలముననే ఆదరణను లెక్కించు పట్టికలును వచ్చెను. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1940 జూలైలో రికార్డుల అమ్మకపు పట్టికను, 1958 ఆగస్టులో "హాట్ 100" పట్టికను ప్రారంభించెను. బ్రిటనులో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 1952 నవంబరులో ఆ పని చేసెను. ఆదరణ ఒక అంకెగా మారుట ఈ సంగీతమునకు ప్రత్యేకము. ఏ జానపద గేయమును ఎవ్వరును వారమువారము వరుస సంఖ్యతో కొలువలేదు.

నల్లజాతివారి ఋణము

యంత్రములు ఆశ్రయమును సమకూర్చినవి. ప్రాణమును సమకూర్చినవారు వేరు. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతి అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెంపొందించిన బ్లూస్, దేవాలయ గానములు పాప్ సంగీతమునకు ముఖ్యాధారములు. ఒకడు పాడగా తక్కినవారు బదులు పాడుట, స్వరమును వంచి పలుకుట, 12 బార్ల చట్రము ఇందుండి వచ్చినవే. 1920లో మేమీ స్మిత్ పాడిన "క్రేజీ బ్లూస్" అమ్మకము చూచి కంపెనీలు నల్లజాతి గాయకులను వెదకినవి. వారి రికార్డులను "రేస్ రికార్డులు" అని వేరుపరచి అమ్మిరి. బిల్‌బోర్డ్ పత్రిక 1949లో ఆ పేరును మాని "రిథమ్ అండ్ బ్లూస్" అను పేరు పెట్టెను.

1954 జూలైలో మెంఫిస్ నగరమున ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు వెలువడెను. దాని ఒక ప్రక్క ఆర్థర్ క్రుడప్ అను నల్లజాతి గాయకుడు 1946లో ముద్రించిన "దట్స్ ఆల్ రైట్". రెండవ ప్రక్క బిల్ మన్రో అను తెల్లజాతి గ్రామీణ గాయకుని "బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ". వేరువేరు పట్టికలలో వేరువేరు జనులకు అమ్ముచుండిన రెండు సంప్రదాయములు ఒకే పళ్ళెమునకు రెండు వైపులయినవి. పాప్ సంగీత చరిత్రను ఒక్క వస్తువులో చూపవలెనన్నచో ఈ పళ్ళెమును చూపవచ్చును.

రూప లక్షణములు

ఇట్లు ఏర్పడిన పాటకు కొన్ని స్థిర లక్షణములు కలవు. మొదటిది సంక్షిప్తత. పళ్ళెము పోయినను మూడు నాలుగు నిమిషముల నిడివి నిలిచినది. రెండవది పల్లవి ప్రాధాన్యము. టిన్ పాన్ అలీ నాళ్ళలో 8 బార్ల భాగములు నాలుగు చేరి 32 బార్ల రూపము ప్రసిద్ధముగా నుండెను. అందు మూడవ భాగము భిన్నముగా నుండి, తక్కినవి ఒకే వరుసలో సాగును. 1960వ దశకమునుండి చరణము, పల్లవి మాటిమాటికి వచ్చు రూపము ప్రబలినది. మన పల్లవి చరణములకును దీనికిని సామ్యమున్నను భేదము గమనింపదగినది. మన కృతిలో పల్లవి మొదట నిలిచి చరణమునకు ఆధారమగును. పాప్ పాటలో చరణము సాధారణముగా ముందు వచ్చి శ్రోతను పల్లవి వద్దకు కొనిపోవును. మూడవది "హుక్", అనగా కొక్కెము. ఒకసారి విన్నంతనే మనస్సునకు తగులుకొను చిన్న పలుకుబడియో స్వరగుచ్ఛమో ప్రతి పాటయందును ఉంచుదురు. నాలుగవది, నాలుగు దెబ్బల తాళమున 2వ, 4వ దెబ్బలపై ఊనిక. ఐదవది, గాయకుని కంఠ విశేషము. అందు రాగముకంటె గొంతు గుర్తుండును. ఆరవది శ్రమ విభాగము. కవి, స్వరకర్త, గాయకుడు, నిర్మాత వేరువేరుగా నుందురు. 1959లో డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థకు పునాది వేసిన బెర్రీ గార్డీ అంతకుమునుపు మోటారు కార్ల కర్మాగారమున పనిచేసినవాడు. కార్లు ఒక చేతినుండి మరియొక చేతికి పోవుచు పూర్తియైనట్లు పాటలను కూడ చేయవచ్చునని ఆయన తలచెను.

ఆశ్రయము మారినపుడెల్ల రూపము మారుచునే యున్నది. 1948లో వచ్చిన లాంగ్ ప్లే పళ్ళెము పాటల సంపుటికి ఏకత్వము నొసగెను. 1981లో ఆరంభమైన ఎంటీవీ పాటను చూడదగినదానిగా చేసెను. 2008లో ప్రజలకు అందిన స్పాటిఫై వంటి సేవలలో 30 సెకనులు వినినగాని పాట విన్నట్లు లెక్కకు రాదు. కనుక దీర్ఘమైన ఉపోద్ఘాత వాద్యము తగ్గి, కొక్కెము పాట మొదటికే జరుగుచున్నది. మూస ఏల ఏర్పడునను అడోర్నో నాటి ప్రశ్నకు ఇదియే మా సమాధానము. మూస శ్రోతల మందబుద్ధి వలన గాక, ఆశ్రయము విధించు కొలతల వలన ఏర్పడుచున్నది.

ఒక ఉదాహరణము

ఈ నిర్వచనము వలన ప్రయోజనమేమని యడుగువారికి ఒక వృత్తాంతము చాలును. 1939లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్ నగరమున సాలమన్ లిండా అను జూలూ గాయకుడు తన బృందముతో "ఎంబూబే" అను పాటను రచించి గాల్లో కంపెనీ స్టూడియోలో ముద్రించెను. ఎంబూబే యనగా సింహము. ఆ కంపెనీలోనే రికార్డులు మూటగట్టు పనిచేయుచుండిన లిండా స్వల్ప ధనమునకు తన హక్కులను ఇచ్చివేసెను. కొన్ని యేండ్లకు ఆ రికార్డు అమెరికాలో జానపద గేయ సేకర్త అలన్ లోమాక్స్ ద్వారా పీట్ సీగర్‌కు చేరెను. సీగర్ దానిని ఆఫ్రికా జనుల సాంప్రదాయిక గేయమని తలచెను. పాటలోని జూలూ మాట ఆయన చెవికి "వీమోవే" యని వినబడెను. ఆ పేరుననే ఆయన బృందము పాడిన పాట 1952లో ప్రసిద్ధమయ్యెను. 1961లో టోకెన్స్ బృందము "ది లయన్ స్లీప్స్ టునైట్" అను కొత్త ఆంగ్ల సాహిత్యముతో పాడగా అది బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమ స్థానము పొందెను. మరుసటి సంవత్సరమే లిండా పేదరికముతో మరణించెను. 1994 నాటి "ది లయన్ కింగ్" చలనచిత్రమునను ఆ పాట వినబడినది. లిండా కుమార్తెలు 2004లో వ్యాజ్యము వేయగా, 2006లో రాజీ కుదిరి, లిండా సహకర్తగా అంగీకరింపబడెను. పాట పుట్టి నాటికి 67 సంవత్సరములు.

హక్కులను కాజేయు లోభము ఇందు లేకపోలేదు. కాని ఆ లోభమునకు దారి చూపినది వర్గీకరణ దోషము. సీగర్ సజ్జనుడు, సేకర్త విద్వాంసుడు. వారి చేతికి వచ్చినది పల్లెలో పాడుచుండగా వ్రాసికొన్న గేయము కాదు. కంపెనీ చీటీ అంటించిన రికార్డు. పాట ఆఫ్రికాది, పాడినవారు నిరుపేదలు, భాష తెలియదు, కనుక అది జానపదమని నిర్ణయమైనది. జానపదమైనచో కర్త లేడు. కర్త లేనిచో భాగమీయవలసిన పని లేదు. ఆశ్రయమేదని యడిగియున్నచో మొదటి చూపులోనే కర్త కనబడియుండెడివాడు.

తెలుగు పరిశోధకులకు

మనకు పాటలను వర్గీకరించు సంప్రదాయము పురాతనమైనది. పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదములు, ప్రభాత పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని పేర్కొనెను. ఆధునిక కాలమున బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" ఈ పరిశ్రమకు శాస్త్రీయమైన పునాది వేసినది. కాని సోమనాథునికి రికార్డు తెలియదు. నేటి సేకర్త పల్లెకు పోయి వినునట్టి పాట ముత్తవ్వ నోటినుండి వచ్చినదో, సినిమానుండి దిగినదో, క్యాసెట్టునుండి నేర్చినదో నిశ్చయింపకయే జానపదమని వ్రాసికొను ప్రమాదము కలదు.

మా నిర్వచనమును బట్టి సినిమా పాట పాప్ సంగీతమునకు సోదరము. దాని ఆశ్రయమును ముద్రిత ధ్వనియే. కథా సందర్భమునకు కట్టుబడి యుండుట మాత్రము దాని విశేషము. ప్రైవేటు గీతములుగా రికార్డయిన లలిత గేయములకు ఆ కట్టుబాటును లేదు. మరియు ఈ వర్గములు పాటకు పుట్టుకతో అంటిన కులములు కావు. అవి పాట యొక్క స్థితులు. సినిమా పాట వరుసలో పల్లె స్త్రీలు కొత్త మాటలు కట్టి, వాడవాడకు పాఠము మార్చి పాడుకొన్నపుడు ఆ కొత్త పాట ధారణను ఆశ్రయించినది. దానిని జానపదముగా గ్రహింపవలసినదే. పల్లెపాట రికార్డుకెక్కి ఒకరి పేరు తగిలించుకొన్నపుడు ఆ రికార్డు పాప్ స్థితికి చేరును. పల్లెలోని పాట మాత్రము జానపదముగనే యుండును.

కనుక ప్రతి సేకరణ పత్రమునను మూడు ప్రశ్నలకు చోటుంచవలెనని మా సూచన. పాడినవారు ఈ పాటను ఎవరివద్ద, దేనినుండి నేర్చిరి? దీనికి అంతకుమునుపు రికార్డు కలదా, యున్నచో దానిపై ఎవరి పేరున్నది? ఊరూరను పాఠభేదములు కలవా, లేక అందరును ఒకే రీతి పాడుచున్నారా? ఈ ప్రశ్నలకు సమాధానము వ్రాయుటకు ఒక పుటకంటె ఎక్కువ పట్టదు. వ్రాయకపోవుటచే నష్టపోవువారు ఆ పుటను ఎన్నడును చూడని పాటకారులు. విజ్ఞులు ఈ సూచనను పరీక్షించి, లోపమున్నచో సవరించి, ఆచరణకు తెత్తురుగాక!